వన్యప్రాణి సంరక్షణ వృత్తి: పరిశోధన, బోధన, విజ్ఞాన ప్రచారాల్లో ఒకటే ఎంచుకోవాలా, మూడూ కలిసి సాగుతాయా?

మొలక

నమస్కారం. జంతుశాస్త్రంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. వన్యప్రాణి సంరక్షణనే వృత్తిగా తీసుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. అయితే ఈ రంగంలో ఉన్నవారిని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. పరిశోధన వైపు వెళ్లదలిస్తే మిగతావన్నీ పక్కన పెట్టి పీహెచ్‌డీ మీదే మనసు పెట్టమని ఒకరు సలహా ఇచ్చారు. పరిశోధనా పత్రాలను చదివేది మళ్లీ పరిశోధకులే కాబట్టి, జంతువులకు నిజంగా మేలు జరగాలంటే జనం మధ్యకు వెళ్లమని మరొకరు అన్నారు. నాకు పాఠాలు చెప్పడం కూడా ఇష్టమే. ఈ మూడింటిలో ఏదో ఒకటి ఇప్పుడే తేల్చుకోవాలా, మూడింటినీ కలిపి నడిపించినవారు ఉన్నారా అన్నది నా మొదటి ప్రశ్న. జంతువుల మీద ఇష్టం తప్ప ప్రత్యేకమైన నైపుణ్యం ఏదీ ఇంకా అలవడలేదు కనుక, ముందుగా ఏం నేర్చుకోవాలన్నది రెండవ ప్రశ్న. అనుభవం ఉన్న పెద్దలు వివరంగా రాయాలని కోరుతున్నాను.

అడుగుజాడ

మొలక గారూ, మీ రెండవ ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మొదటిదానికి జవాబు అందులోనే దొరుకుతుంది. ఇష్టం మనల్ని అడవి దాకా తీసుకువెళ్తుంది. అక్కడికి వెళ్లాక ఏం చేయాలో చెప్పేది మాత్రం ప్రశ్నే. ఈ జంతువు ఇక్కడ ఉందా, ఉంటే ఎన్ని ఉన్నాయి, వాటి సంఖ్య పెరుగుతోందా తగ్గుతోందా, తగ్గుతుంటే కారణం ఏమిటి అన్న నాలుగు ప్రశ్నలు వినడానికి చాలా మామూలుగా ఉంటాయి. వీటిలో ఒక్కదానికి నమ్మదగిన జవాబు రాబట్టడానికి కొందరికి సగం ఉద్యోగ జీవితం పట్టింది.

రాబందుల సంగతే తీసుకోండి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ దగ్గరి కేవలాదేవ్ జాతీయ ఉద్యానవనంలో పక్షి శాస్త్రవేత్త విభు ప్రకాశ్ 1980ల్లో వేటపక్షుల మీద పనిచేస్తూ రాబందులను కూడా లెక్కపెట్టి రాసి ఉంచారు. అప్పట్లో అవి ఎంత విరివిగా ఉండేవంటే, వాటిని లెక్కించడం అవసరమని చాలామందికి తోచి ఉండదు. 1990ల్లో ఆయన అదే చోట మళ్లీ లెక్క తీసినప్పుడు పడిపోయిన సంఖ్య కాగితం మీద స్పష్టంగా కనిపించింది, 1999లో ఆ వివరాలు ప్రచురితమయ్యాయి. పాత లెక్క లేకపోతే "ఈమధ్య రాబందులు కనిపించడం లేదు" అన్న మాటగానే అది మిగిలిపోయేది. ఆ తర్వాత కారణం కోసం వెతుకులాట మొదలైంది. ఏదో అంటురోగమై ఉంటుందని చాలామంది భావించారు. చనిపోయిన పక్షుల్ని కోసి పరీక్షిస్తే లోపలి అవయవాల మీద యూరిక్ ఆమ్లం తెల్లగా పేరుకుని ఉంది, అంటే మూత్రపిండాలు చెడిపోయాయన్నమాట. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ అనే మందు కళేబరాల ద్వారా రాబందుల్లోకి చేరి వాటిని చంపుతోందని పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన 2004లో నిరూపించింది. ఆ మందు ఉన్న కళేబరాలు నూటికి ఒకటి కన్నా తక్కువే ఉన్నా అంతటి పతనానికి సరిపోతుందని గణిత నమూనాలు చూపాయి, ఎందుకంటే ఒకే కళేబరం మీద పదుల కొద్దీ రాబందులు వాలతాయి. తెల్లవీపు రాబందుల సంఖ్య భారతదేశంలో 99 శాతానికి పైగా పడిపోయింది. 2006లో భారత్, నేపాల్, పాకిస్తాన్ ప్రభుత్వాలు పశువైద్యంలో ఆ మందును నిషేధించాయి, దాని స్థానంలో రాబందులకు హాని చేయని మెలాక్సికామ్‌ను సూచించాయి.

ఈ ఒక్క కథలో ఎన్ని రకాల పనులు ఉన్నాయో గమనించండి. ఓపికగా లెక్కపెట్టినవారు ఉన్నారు, శవపరీక్ష చేసినవారు ఉన్నారు, ప్రత్యామ్నాయ మందును పరీక్షించినవారు ఉన్నారు, ప్రభుత్వాలను ఒప్పించినవారు ఉన్నారు. నిషేధం తర్వాత కూడా పని పూర్తి కాలేదు. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలను పశువులకు వాడుతూ వచ్చారు కాబట్టి 2015లో భారత ప్రభుత్వం ఆ సీసాల పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు కుదించవలసి వచ్చింది. పశువైద్యుడికీ పశువుల యజమానికీ విషయం అర్థమయ్యేదాకా పరిశోధన ఫలితం పక్షిని చేరలేదు. కనుక "పరిశోధనా, ప్రచారమా" అన్న విభజన ఉద్యోగ ప్రకటనల్లో ఉండవచ్చు గానీ పనిలో లేదు.

కొండదారి

అడుగుజాడ గారి మాట మీద గౌరవంతోనే ఒక అభ్యంతరం చెబుతాను. రాబందుల విషయంలో అన్ని పనులూ జరిగాయి నిజమే, కానీ అవన్నీ ఒక్కరే చేయలేదు. ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నవాడిగా నాకు కనిపించేది వేరు. ఫెలోషిప్‌కు గడువు ఉంటుంది, క్షేత్రంలో రుతువు దాటిపోతే మళ్లీ ఏడాది ఆగాలి, సమీక్ష సంఘం అడిగేది ప్రచురించిన పత్రాలనే. బడి పిల్లలతో గడిపిన మధ్యాహ్నాన్ని అక్కడ ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కొత్తగా వచ్చినవారికి మూడూ ఒకేసారి చేయమని చెబితే మూడింటిలోనూ అరకొరగా మిగిలిపోతారని నా భయం.

చింపాంజీల పరిశోధకురాలు జేన్ గుడాల్ జీవితాన్ని చూడండి. 1960లో టాంజానియాలోని గోంబేకు వెళ్లి పాతికేళ్ల పాటు చింపాంజీల పరిశీలనకే అంకితమయ్యారు. 1986లో షికాగోలో జరిగిన సమావేశంలో ఆఫ్రికా అంతటా చింపాంజీల ఆవాసాలు ఎలా నాశనమవుతున్నాయో విన్న తర్వాతే ఆమె ప్రపంచమంతా తిరిగి మాట్లాడటం మొదలుపెట్టారు. పిల్లల కోసం రూట్స్ అండ్ షూట్స్ కార్యక్రమం 1991లో వచ్చింది. ఆమె మాటకు అంత బరువు వచ్చింది ఆ పాతికేళ్ల పరిశీలన వల్లనే. పునాది లేని ప్రచారం వల్ల జంతువులకు హాని కూడా జరుగుతుంది. ఇళ్లలో దూరిన పాములను ఎక్కడో దూరపు అడవిలో వదిలేయడం గొప్ప రక్షణగా ప్రచారమవుతోంది గానీ, పరిచయం లేని చోట వదిలిన పాములు దిక్కుతోచక తిరుగుతూ ఎక్కువగా చనిపోతాయని రేడియో ట్రాన్స్‌మిటర్లు అమర్చి చేసిన అధ్యయనాలు చెబుతున్నాయి. ముందు ఒక విషయం లోతుగా తెలుసుకుని, ఆ తర్వాత మాట్లాడటమే మంచిదని నా అభిప్రాయం.

చెట్టునీడ

కొండదారి గారు చెప్పిన ఒత్తిడి నిజమైనదే, దాన్ని తేలిక చేయను. కానీ ఆయన ప్రచారాన్ని "తెలిసినవారు తెలియనివారికి చెప్పడం" అన్న అర్థంలో తీసుకున్నారని అనిపిస్తోంది. గ్రామాలతో పనిచేసేవారిగా మేము దాన్ని అలా చూడము. మొదటి సగం వినడమే. ఆ వినడంలోంచే పరిశోధన ప్రశ్న మారిపోయిన సందర్భాలు ఉన్నాయి.

అస్సాంలో హర్గిలా అనే పెద్ద కొంగ మీద పూర్ణిమా దేవి బర్మన్ పీహెచ్‌డీ మొదలుపెట్టారు. ఆ పక్షులు గూళ్లు కట్టేది అడవిలో కాదు, ఊళ్లలో, ఎవరో ఒకరి పెరట్లోని ఎత్తైన చెట్ల మీద. అవి తెచ్చి పడవేసే కుళ్లిన మాంసం, రెట్ట, దుర్వాసన భరించలేక యజమానులు చెట్లు కొట్టేసేవారు. అలా ఒక చెట్టును కొట్టినప్పుడు పిల్లలతో సహా గూళ్లు నేలకూలడం చూశాక ఆమె తన సిద్ధాంత గ్రంథాన్ని వాయిదా వేసి ఊళ్లోని మహిళలతో పనిచేయడం మొదలుపెట్టారు. గూళ్లు కట్టే కాలంలో పక్షులకు సీమంతం జరిపించారు, చీరల మీద హర్గిలా బొమ్మను నేయించారు. చెట్టు యజమానిని దోషిగా నిలబెట్టకుండా, అరుదైన పక్షికి చోటిచ్చిన వ్యక్తిగా గౌరవించారు. హర్గిలా సైన్యం పేరుతో వేలమంది మహిళలు అందులో చేరారు. 2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ఆమెకు ఛాంపియన్స్ ఆఫ్ ది ఎర్త్ పురస్కారం ఇచ్చింది. 2023లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ (ఐయూసీఎన్) ఎర్ర జాబితాలో ఆ పక్షి అంతరించే ప్రమాదంలో ఉన్న వర్గం నుంచి ప్రమాదానికి చేరువలో ఉన్న వర్గానికి మారింది.

అక్కడ లోటు సమాచారానిది కాదు. చెట్టు కొడితే పక్షి చస్తుందని యజమానికి తెలుసు. భారం మోసేది అతనైతే మెప్పు దక్కేది ఇంకెవరికో అన్నదే చిక్కు. గూళ్ల లెక్కతో ఆ చిక్కు బయటపడదు, ఇంటింటికీ వెళ్లి అడిగితే బయటపడుతుంది. అది కూడా పరిశోధనే అని నేను గట్టిగా నమ్ముతాను.

కొండదారి

మీ ఉదాహరణ బలమైనదని ఒప్పుకుంటాను. అయితే ఆమె పీహెచ్‌డీ ఏళ్ల తరబడి ఆలస్యమైందన్న విషయాన్ని కూడా మొలక గారు గుర్తుపెట్టుకోవాలి. ఆ మూల్యం చెల్లించగల స్థితిలో అందరూ ఉండరు.

చెట్టునీడ

అందుకే పరిశోధన పరికరమే ప్రచారానికీ పనికివచ్చే దారి ఉందేమో మొదట్లోనే చూసుకోమంటాను. నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర 2012లో వలస వచ్చిన అమూర్ డేగలను వలలతో పెద్దఎత్తున పట్టి చంపారు. ఊరి పెద్దలు, చర్చి, స్వచ్ఛంద సంస్థలు, అటవీ శాఖ కలిసి కూర్చుని మాట్లాడుకున్న తర్వాత 2013లో ఆ వేట ఆగింది. అదే ఏడాది నవంబరులో మూడు డేగలకు ఉపగ్రహ ట్యాగులు అమర్చి నాగా, వోఖా, పాంగ్టి అని పేర్లు పెట్టారు. పాంగ్టి ఆ ఊరి పేరే. తమ ఊరి పేరున్న పిట్ట సముద్రం దాటి ఆఫ్రికా చేరుతుంటే ఊరివాళ్లు దాని జాడ కోసం ఎదురుచూశారు. శాస్త్రవేత్తలకు వలస మార్గం తెలిసింది, ఊరికి ఆ పక్షితో బంధం ఏర్పడింది. దీనికోసం విడిగా మరో కార్యక్రమం పెట్టనవసరం రాలేదు.

నల్లబల్ల

బోధన గురించి ఇంకా ఎవరూ రాయలేదు కనుక ఆ పక్షాన నేను మాట్లాడతాను. మొలక గారూ, కళాశాలలో పాఠం చెప్పడమంటే పరిశోధన కుదరనివారు చేసే పని అని మీతో ఎవరైనా అంటే నమ్మకండి. ఒక పద్ధతి మనకు నిజంగా అర్థమైందో లేదో తరగతి గదిలో తెలిసినంత స్పష్టంగా మరెక్కడా తెలియదు.

కెమెరా ట్రాపులతో, అంటే జంతువు ఎదురుగా రాగానే తమంతట తామే ఫొటో తీసే కెమెరాలతో, పులులను ఎలా లెక్కిస్తారో చెప్పడానికి నేను ఒక డబ్బా నిండా తెల్లపూసలు తీసుకువెళ్తాను. ఎన్ని ఉన్నాయో విద్యార్థులకు చెప్పను. ఒకరు వచ్చి 40 పూసలు తీసి వాటికి రంగు చుక్క పెట్టి మళ్లీ డబ్బాలో వేసి బాగా కలుపుతారు. ఇంకొకరు కళ్లు మూసుకుని 50 పూసలు తీస్తారు. అందులో చుక్క ఉన్నవి 10 వచ్చాయనుకుందాం. తీసినవాటిలో అయిదో వంతుకు చుక్క ఉంది కనుక, మొత్తం పూసల్లోనూ చుక్కవి అయిదో వంతే ఉండాలి, అంటే డబ్బాలో సుమారు 200 పూసలు ఉన్నాయి. పులి చారలే ఆ రంగు చుక్కలు, ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. ఇక్కడిదాకా అందరికీ సులభంగా అర్థమవుతుంది. అసలు పాఠం ఆ తర్వాతే మొదలవుతుంది. పూసలను కలపకుండా చుక్కవి పైనే ఉండనిచ్చి తీయమంటాను. చుక్కవి ఎక్కువగా వస్తాయి, అంచనా అసలు సంఖ్య కన్నా బాగా తగ్గిపోతుంది. మరోసారి రెండు విడతల మధ్య కొన్ని కొత్త పూసలు కలుపుతాను. ఇంకోసారి కొన్ని చుక్కలు చెరిగిపోయేలా చేస్తాను. ప్రతిసారీ సూత్రం అదే, కూడిక గుణకారాలు సరిగానే ఉంటాయి, జవాబు మాత్రం తప్పుతుంది. అడవిలో కెమెరాలను ఒకే దారి వెంట పెడితే ఏమవుతుందో, సర్వేను నెలల తరబడి సాగదీస్తే ఏమవుతుందో ఆ తర్వాత వివరించవలసిన అవసరం ఉండదు, విద్యార్థులే చెబుతారు.

నేర్పవలసిన మరో విషయం రాత. అమెరికాలో బర్కిలీలోని సకశేరుక జంతుశాస్త్ర మ్యూజియానికి 1908లో మొదటి సంచాలకుడైన జోసెఫ్ గ్రినెల్, తన బృందంతో కాలిఫోర్నియా అంతా తిరిగి, ఏ చోట ఏ రోజు ఏ జంతువు కనిపించిందో, ఎన్ని బోనులు పెట్టారో, అక్కడి వృక్షాలు ఏమిటో వేల పుటల్లో రాయించారు. తమ పని విలువ ఒక శతాబ్దం తర్వాతి విద్యార్థులకు తెలుస్తుందని ఆయన అప్పుడే చెప్పారు. 2003లో మొదలుపెట్టి అదే సంస్థవారు ఆ నోటు పుస్తకాలు పట్టుకుని అవే చోట్లకు మళ్లీ వెళ్లారు. యోసెమిటీ ప్రాంతంలో పరిశీలించిన 28 చిన్న క్షీరద జాతుల్లో సగం జాతుల నివాస హద్దులు సగటున దాదాపు 500 మీటర్లు పైకి జరిగాయని 2008లో ప్రచురించారు. వేడెక్కుతున్న వాతావరణానికి తగ్గట్టు జంతువులు చోటు మారుతున్నాయనడానికి అది గట్టి సాక్ష్యాలలో ఒకటైంది. ఏం కనిపించిందో మాత్రమే రాసి, ఎంతసేపు ఎలా వెతికారో రాయకపోయి ఉంటే ఆ పోలిక సాధ్యమయ్యేది కాదు. మీరు ఏ దారి ఎంచుకున్నా, రేపు మీరు లేని రోజున ఇంకొకరు చదివి అర్థం చేసుకోగలిగేలా క్షేత్ర పుస్తకం రాయడం ఈ సంవత్సరమే అలవాటు చేసుకోండి. దానికి పీహెచ్‌డీ అక్కరలేదు, గ్రాంటు కూడా అక్కరలేదు.

లెక్కలపుస్తకం

నల్లబల్ల గారి పూసల పాఠానికి కొనసాగింపుగా ఒక్క విషయం రాస్తాను. కనిపించకపోవడానికీ లేకపోవడానికీ ఉన్న తేడాను లెక్కకట్టడం నేర్చుకుంటే ఈ రంగంలో సగం గణాంకశాస్త్రం వచ్చినట్లే. ఒక చోటికి ఒకసారి వెళ్లినప్పుడు అక్కడ ఉన్న జంతువు మన కంటబడే అవకాశం 30 శాతం అనుకోండి. నాలుగుసార్లు వెళ్లినా ఒక్కసారీ కనిపించకపోయే అవకాశం, 0.7ను నాలుగుసార్లు గుణిస్తే వచ్చే 0.24. అంటే జంతువు ఉన్న చోట్లలో దాదాపు నాలుగో వంతు చోట్ల అది "లేదు" అని మన పట్టికలో పడుతుంది. ఆ పొరపాటును 5 శాతం లోపుకు తేవాలంటే తొమ్మిదిసార్లు వెళ్లాలి. ఈ ఆలోచనను 2002లో మెకెంజీ, ఆయన సహచరులు పద్ధతిగా మలిచారు, ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు.

దీని ప్రాముఖ్యం తెలియాలంటే రాజస్థాన్‌లోని సరిస్కా పులుల అభయారణ్యం సంగతి చాలు. పాదముద్రలను బట్టి ఏటా లెక్కిస్తూ అక్కడ పులులు ఉన్నాయని 2004లో కూడా చూపించారు, 2005 మొదట్లో చూస్తే ఒక్కటీ లేదు. కర్ణాటకలోని నాగరహొళె అడవిలో కెమెరాలతో ఒక్కో పులినీ గుర్తించి గణాంక పద్ధతిలో సంఖ్యను అంచనా వేయవచ్చని ఉల్లాస్ కారంత్ 1995లోనే ప్రచురించారు. మంచి పద్ధతి పత్రికలో అచ్చయి పదేళ్లయినా అమలు చేయవలసిన చోటికి పూర్తిగా చేరలేదు. కొండదారి గారూ, ఆలస్యానికి మూల్యం ఇటువైపు కూడా ఉంది.

మొలక

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. క్షేత్ర పుస్తకం గురించి చదివాక ఈ వారమే మొదలుపెట్టాను. గణాంకాలంటే భయం ఉంది గానీ పూసల ఉదాహరణ చదివాక ఆ భయం కొంత తగ్గింది. ఇంకో రెండు సందేహాలు ఉన్నాయి. పీహెచ్‌డీ లేకుండా ఈ రంగంలో నిలదొక్కుకోగలమా? ప్రాజెక్టు ముగిశాక మరో ప్రాజెక్టు వచ్చేదాకా జీవనం ఎలా సాగుతుంది? ఈ విషయం ఎవరూ బహిరంగంగా మాట్లాడటం లేదు.

అడుగుజాడ

మంచి ప్రశ్న అడిగారు. దాచకుండా చెబుతాను. ఈ రంగంలో స్థిరమైన ఉద్యోగాలు తక్కువ, చాలా పనులు ప్రాజెక్టు గడువుతో ముడిపడి ఉంటాయి. గ్రాంటులు సాధారణంగా రెండు మూడేళ్లకే ఇస్తారు, మనం అధ్యయనం చేసే జంతువులేమో దశాబ్దాలు బతుకుతాయి. అమెరికాలోని ఐల్ రాయల్ దీవిలో తోడేళ్లు, మూస్ అనే పెద్ద దుప్పుల అధ్యయనం 1958 నుంచి, కెన్యాలోని అంబోసెలీలో సింథియా మాస్ మొదలుపెట్టిన ఏనుగుల అధ్యయనం 1972 నుంచి సాగుతున్నాయి. అవి ఈనాటికీ నిలవడానికి ఒకరి తర్వాత ఒకరు నిధులు సమకూర్చడంలో పడ్డ శ్రమ కూడా కారణం. కనుక నిధుల కోసం ప్రతిపాదన రాయడం కూడా నేర్చుకోవలసిన విద్యే. ఏం అడుగుతున్నామో, ఎందుకు అడుగుతున్నామో, ఎంత కాలంలో ఏం తేలుతుందో ఆ రంగం తెలియని వ్యక్తికి రెండు పుటల్లో అర్థమయ్యేలా రాయగలగాలి. ప్రచారం కోసం అలవడిన భాష అక్కడ అక్కరకు వస్తుంది.

పీహెచ్‌డీ విషయానికొస్తే, సొంతంగా ప్రశ్న వేసి అధ్యయనాన్ని నడిపించాలన్నా, విశ్వవిద్యాలయంలో బోధించాలన్నా అది దాదాపు తప్పనిసరి. క్షేత్ర సమన్వయం, మ్యాపుల తయారీ, డేటా విశ్లేషణ, గ్రామాలతో పని, జంతు ప్రదర్శనశాలల్లో విద్యా విభాగం, పర్యావరణ ప్రభావ అంచనా, సైన్స్ జర్నలిజం వంటివాటికి మాస్టర్స్ చదువు, చేతిలో నైపుణ్యం సరిపోతాయి. డిగ్రీ తర్వాత ఏడాదో రెండేళ్లో ఏదైనా ప్రాజెక్టులో క్షేత్ర సహాయకురాలిగా చేరి, ఆ జీవితం మీకు సరిపడుతుందో లేదో చూసుకున్నాకే పీహెచ్‌డీకి దరఖాస్తు చేయండి. అలా చేరేటప్పుడు మొహమాటపడకుండా కొన్ని విషయాలు అడగండి. జీతం ఎంత, ప్రమాద బీమా ఉందా, రేబిస్ టీకా వేయిస్తారా, సాయంత్రం మీరు తిరిగి రాకపోతే ఎవరు వెతుకుతారు, వేధింపు ఎదురైతే ఎవరికి చెప్పాలి? వీటికి తడబడే చోట, ప్రాజెక్టు ఎంత గొప్పదైనా, చేరవద్దు. జీతం లేని పనిని "అనుభవం" పేరుతో ఏళ్ల తరబడి చేయించుకోవడం ఈ రంగంలో ఉన్న పెద్ద అన్యాయం. డబ్బున్న ఇంటివారే ఇందులో నిలవగలిగే పరిస్థితి దానివల్లనే వస్తోంది.

ఆర్ అనే గణాంక భాష, క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్, రెండూ ఉచితం. ఇవి వచ్చినవారికి ఒక ప్రాజెక్టుకూ మరోదానికీ మధ్య పని దొరుకుతుంది. మీ జీవనం ప్రశ్నకు నాకు తెలిసిన ఆచరణయోగ్యమైన జవాబు ఇదే.

కొండదారి

క్షేత్ర సహాయకుల మాట వచ్చింది కనుక ఒక విషయం రాయాలనిపించింది. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందని అందరూ అనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. ఆ ఘనత బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త భరత్ భూషణ్‌కు ఎంత ఉందో, పక్షిని చేతికి చిక్కించిన స్థానిక వేటగాడు ఐతన్నకూ అంతే ఉంది. పగలు పొదల్లో నక్కి రాత్రి తిరిగే పిట్ట అది. తర్వాతి పరిశోధకులు పొదల మధ్య మెత్తని మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లవారాక వాటి మీద పడిన కాలి గుర్తులను చూసి దాని ఉనికిని తెలుసుకున్నారు. ఆ గుర్తు దేనిదో చెప్పగల కన్ను పుస్తకాలతో అలవడేది కాదు.

మన పత్రాల్లో అలాంటివారి పేర్లు చివర కృతజ్ఞతల్లో ఒక వరుసగా మిగిలిపోతున్నాయి. ప్రశ్న రూపొందించడంలోనో ఆధారాలు సేకరించడంలోనో నిర్ణాయకంగా పాల్గొన్నవారికి రచయితల వరుసలోనే చోటివ్వాలని నేను మా బృందంలో అడుగుతున్నాను. చెట్టునీడ గారు అన్న "వినడం" ఇక్కడ మొదలవ్వాలి. ఆ అర్థంలో తీసుకుంటే, పీహెచ్‌డీ పూర్తయ్యాకే జనం దగ్గరకు వెళ్లాలన్న నా మొదటి మాటను సవరించుకోవలసి ఉంటుంది. బడుల్లో ఉపన్యాసాలను తర్వాతికి వాయిదా వేయవచ్చు. పనిచేసే ఊరితో మాట్లాడటాన్ని మాత్రం వాయిదా వేయకూడదు.

మొలక

చివరగా ఒక చిన్న సందేహం. మా విద్యార్థుల బృందం తనకు కనిపించిన పక్షులను, జంతువులను ఈబర్డ్, ఐనాచురలిస్ట్ అనే ఆన్‌లైన్ వేదికల్లో తరచుగా నమోదు చేస్తుంది. అరుదైన జంతువు కనిపించినప్పుడు ఆ చోటును సామాజిక మాధ్యమాల్లో పంచుకుంటే ఎక్కువమందికి ఆసక్తి కలుగుతుందని మిత్రులు అంటున్నారు. అది ప్రచారం కిందికి వస్తుందా?

లెక్కలపుస్తకం

నమోదు చేయడం తప్పకుండా కొనసాగించండి. 2002లో మొదలైన ఈబర్డ్ వంటి వేదికల్లోని సమాచారం పరిశోధనకు ఎంతో ఉపయోగపడుతోంది. కనిపించిన అరుదైన పిట్టను ఒక్కదాన్నే కాకుండా, గుర్తుపట్టిన పక్షులన్నింటినీ, గడిపిన సమయాన్నీ, నడిచిన దూరాన్నీ కలిపి పూర్తి జాబితాగా పంపండి. గ్రినెల్ నోటు పుస్తకాలకు విలువ తెచ్చింది కూడా ఆ వివరాలే. రోడ్ల పక్కనా ఊళ్ల దగ్గరా నమోదులు గుట్టలుగా ఉన్నాయి, ఎవరూ వెళ్లని చోటి నుంచి వచ్చే మామూలు పిచ్చుకల జాబితా కూడా విలువైనదే.

చోటు బయటపెట్టే విషయంలో మాత్రం చాలా జాగ్రత్త అవసరం. దక్షిణ చైనాలోని ఒక గుహ బల్లిని 1999లో కొత్త జాతిగా వర్ణించి, దొరికిన చోటును పత్రంలో ప్రచురించారు. పెంపుడు జంతువుల వ్యాపారం కోసం పట్టేవారు అక్కడికి చేరడంతో మొదట దొరికిన ఆ చోటి నుంచే అది తుడిచిపెట్టుకుపోయింది. ఆ అనుభవం తర్వాత కొందరు వర్గీకరణ శాస్త్రవేత్తలు తమ పత్రాల్లో కచ్చితమైన చోటును రాయడం మానేశారు. ఐనాచురలిస్ట్ అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల స్థానాన్ని తనంతట తానే మరుగుపరిచి, అక్షాంశ రేఖాంశాల్లో 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒక బిందువుగా చూపుతుంది, అంటే సుమారు 20 కిలోమీటర్ల మేర అస్పష్టత ఉంటుంది. ఈబర్డ్ కూడా సున్నితమైన జాతుల వివరాలను దాచి ఉంచుతుంది. అసలు సమాచారం వేదిక దగ్గర భద్రంగానే ఉంటుంది, అవసరమైన పరిశోధకులు అడిగి తీసుకోవచ్చు. మీరు విడిగా సామాజిక మాధ్యమంలో ఫొటో పెట్టి చోటు రాస్తే ఆ రక్షణ అంతా వృథా అవుతుంది.

నల్లబల్ల

లెక్కలపుస్తకం గారు చెప్పినదానికి ఆచరణలో పనికివచ్చే వివరాలు జోడిస్తాను. ఫోన్‌తో తీసిన ఫొటోలో స్థానం దానంతట అదే నమోదై ఉంటుంది, బయటకు పంపే ముందు దాన్ని తొలగించండి. వెనక కనిపించే కొండ, గుడి, మైలురాయి వంటి గుర్తులను కూడా చూసుకోండి. గూటిలో గుడ్లున్నప్పుడు తీసిన ఫొటోను పిల్లలు ఎగిరిపోయాకే పంచుకోండి. ఎవరైనా చోటు అడిగితే జిల్లా పేరు వరకే చెప్పండి. కథ చెప్పడానికి అంతకన్నా ఎక్కువ అవసరం ఉండదు. ఆ జంతువు ఏం తింటుంది, ఏ కాలంలో వస్తుంది, దాని ఉనికిని మీరు ఎలా పసిగట్టారు అన్న విషయాలు రాస్తే చదివేవారికి చోటు తెలియకపోయినా ఆసక్తి తగ్గదు. మీ బృందం అలాంటి వివరణ ఒకటి రాస్తే ఇక్కడే పెట్టండి, ప్రచురించే ముందు మేమంతా చదివి సూచనలు ఇస్తాం.